అమ్మ జీవితాన్ని ఇంటి పుస్తకంగా కూర్చడం ఎలా

పెద్దకర్మ కార్డు మీద ‘ప్రేమమూర్తి, త్యాగశీలి’ అని వేయిస్తాం. ప్రింటింగ్ ప్రెస్సులో ఆ మాటలు ముందే సిద్ధంగా ఉంటాయి, పేరూ ఫొటో మారిస్తే సరిపోతుంది. ఏ అమ్మకైనా అతుకుతాయి కాబట్టే అవి మీ అమ్మ గురించి ఏమీ చెప్పవు. పదేళ్ల తర్వాత మనవరాలు “అమ్మమ్మ ఎలా ఉండేది?” అని అడిగితే “చాలా మంచిది తల్లీ” అన్నదగ్గరే ఆగిపోతాం. ఆవిడ వేసిన ముగ్గులు, అల్లిన లేసులు, కుట్టిన బొంతలు, కలిపిన ఆవకాయ, పాడిన హారతులు, పురిటికి వచ్చిన కూతుళ్లకి పెట్టిన పథ్యం, ఇవేవీ ఆ ‘మంచిది’లో కనిపించవు.

అలాంటి అమ్మ గురించి, ఇంట్లోవాళ్ల కోసం, ఓ వంద పేజీల పుస్తకం ఎలా తయారుచేసుకోవచ్చో ఇక్కడ చెబుతున్నాను. మీరు రచయిత కానక్కర్లేదు. పాటించాల్సిన నియమం ఒక్కటే: పొగడ్త రాయకండి, పని రాయండి. “మా అమ్మకి ఓపిక ఎక్కువ” అనొద్దు. “కరెంటు పోయిన రాత్రి తెల్లారేదాకా విసనకర్ర విసిరేది, చెయ్యి నొప్పెడితే రెండో చేతిలోకి మార్చుకునేది” అని రాయండి. ఓపిక అన్న మాట రాయకుండానే తెలుస్తుంది.

గడువు సంవత్సరీకం అనుకోండి. చుట్టాలంతా మళ్లీ ఒకచోట చేరేది ఆ రోజే, ఏడాది సమయమూ దొరుకుతుంది. అమ్మ ఇంకా మన మధ్యే ఉంటే మరీ మంచిది. ఇందులో సగం పనులు ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకునే చేయొచ్చు.

మొదటి నెల: ఏదీ పంచకండి, పారేయకండి

పన్నెండో రోజు అవగానే చీరలు పంచేసే ఇళ్లు చాలా ఉన్నాయి. పంచుకోండి, తప్పులేదు. కానీ అంతకుముందు బీరువా తెరిచి, ఒక్కో చీరనీ పగటి వెలుగులో మంచం మీద పరిచి ఫొటో తీయండి. ఆ చీర ఎప్పటిదో, ఎవరు పెట్టారో తెలిసిన మనిషి ఆ సమయానికి పక్కనే ఉంటారు. పిన్నిగారో మేనత్తో “ఇది పెద్దాడి బారసాలకి కొన్నది” అంటుంటే ఫోన్‌లో రికార్డు చేసుకోండి. చీర ఎవరికి వెళ్లిందో కూడా రాసి పెట్టుకుంటే తర్వాత వెతుక్కోనక్కర్లేదు.

ఇల్లు సర్దేటప్పుడు ముందుగా చెత్తబుట్టలోకి వెళ్లేవే ఈ పుస్తకానికి ఎక్కువగా పనికొస్తాయి. పాల లెక్క రాసిన పాత క్యాలెండర్లు, చాకలి పద్దు, సూదులూ గుండీలూ దాచిన బిస్కెట్ డబ్బా, మందుల చీటీ వెనక రాసుకున్న వంటకం, వారపత్రికలోంచి చించి దారంతో కుట్టుకున్న సీరియల్ పేజీలు, ఇన్‌లాండ్ లెటర్లు. పత్రిక పేజీలు కూడా ఎందుకంటారా? ఆవిడ ఏం చదివేదో, మార్జిన్‌లో ఏ లెక్కలు వేసుకునేదో వాటిలోనే ఉంటుంది. అన్నీ ఒక అట్టపెట్టెలో వేసి, పైన ‘ముట్టుకోవద్దు’ అని రాయండి. ఇంట్లో సర్దే ఉత్సాహం ఉన్నవాళ్లు ఒకరు తప్పకుండా ఉంటారు, ఆ బోర్డు వాళ్ల కోసం.

తర్వాత ఆవిడ ఫోన్. దాన్ని రీసెట్ చేసి పిల్లలకి ఇచ్చేయకండి. ప్రీపెయిడ్ సిమ్ మూడు నెలలు వాడకుండా వదిలేస్తే నంబరు రద్దయి, కొన్నాళ్లకి ఇంకెవరికో వెళ్లిపోవచ్చు. వాట్సాప్ ఖాతా 120 రోజులు కదలకుండా ఉంటే తొలగిపోతుంది. అందుకని కనీసపు రీచార్జి చేయించి ఫోన్‌ని వాడకంలో ఉంచండి, బ్యాంకు పనులకీ ఆ నంబరే కావాలి. ఈలోగా ఆవిడ పంపిన వాయిస్ మెసేజీలన్నీ కాపీ చేసుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వాట్సాప్ ఫోల్డర్ లోపల ‘వాయిస్ నోట్స్’ అనే విభాగం ఉంటుంది, దాన్ని మొత్తంగా కంప్యూటర్‌లోకి తీసుకోవచ్చు. అమెరికాలో ఉన్న కొడుక్కి “తిన్నావా, అక్కడ చలి ఎలా ఉంది” అని పంపిన ఇరవై సెకన్ల మెసేజీ ఏ స్టూడియో ఫొటో కన్నా విలువైనది. అవతలివైపు ఫోన్లలో కూడా ఉంటాయి కాబట్టి అన్నదమ్ములనీ అక్కచెల్లెళ్లనీ వాళ్ల వాళ్ల చాట్‌లు మీడియాతో సహా ఎక్స్‌పోర్ట్ చేయమనండి.

పెద్దవాళ్లని అడగండి, కానీ ‘ఎలా ఉండేది’ అని అడగొద్దు

అమ్మ చిన్నతనం తెలిసినవాళ్లు ఒకరిద్దరే మిగిలి ఉంటారు. వాళ్ల వయసు చూస్తే ఈ పని వాయిదా వేసేది కాదని మీకే తెలుస్తుంది. పుస్తకంలో మిగతావన్నీ ఆగినా, ఇది ఆగకూడదు.

“మా అమ్మ ఎలా ఉండేది?” అని అడిగితే “దేవత లాంటి మనిషి” అన్న జవాబు వస్తుంది. ఆ జవాబు కార్డు మీద వేసిందే. చిన్న ప్రశ్నలు అడగండి. కోపం వస్తే ఏం చేసేది, గిన్నెలు గట్టిగా పెట్టేదా, మాట్లాడ్డం మానేసేదా? సినిమాకి ఎవరితో వెళ్లేది, ఇంట్లో ఏం చెప్పి వెళ్లేది? పెళ్లయి వచ్చిన కొత్తలో వంటింట్లో ఏ పని అప్పగించారు? అత్తగారితో పడేదా? ఎవరికీ తెలియకుండా డబ్బులు ఎక్కడ దాచేది? పోపుల పెట్టెలో, బియ్యం డబ్బా అడుగున, దేవుడి పటం వెనకాల, ఒక్కో ఇంట్లో ఒక్కో చోటు. ఆ డబ్బుతో ఏం కొనేదో అడగండి, దాంతో ఒక అధ్యాయం వస్తుంది.

ఎవరిని అడగాలన్నదాన్లో మన అలవాటు కాస్త మార్చుకోవాలి. చుట్టాల్లో పెద్ద మగవాళ్లు ఊరు, పొలం, ఉద్యోగం, పెళ్లి ఖర్చు చెబుతారు. అమ్మ పనుల గురించి తెలిసింది తోడికోడలికి, పక్కింటావిడకి, ఇరవై ఏళ్లు అంట్లు తోమిన ఆవిడకి, రవికలు కుట్టిన టైలరుకి. పనిచేసిన ఆవిడ దగ్గరికి మీరే వెళ్లండి, ఇంటికి పిలిపించి హాల్లో అందరి ముందూ అడిగితే మొహమాటపడి రెండు మంచి మాటలు చెప్పి వెళ్లిపోతుంది.

రికార్డు చేసేటప్పుడు ఫ్యాన్ ఆపండి, ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి మాట్లాడే మనిషికి జానెడు దూరంలో ఉంచండి. గంట దాటనివ్వొద్దు. పెద్దావిడ చేతికి చిక్కుడుకాయలు ఈనెలు తీసే పనో, పువ్వులు కట్టే పనో ఇస్తే మాట దానంతటదే వస్తుంది. కెమెరా ముందు కుర్చీలో కూర్చోబెడితే టెన్షన్ పడతారు.

ఇద్దరు ఒకే సంగతి రెండు రకాలుగా చెబితే ఎవరిది నిజమని పంచాయతీ పెట్టకండి. “పెద్దమ్మ ఇలా అంటుంది, బాబాయి అలా అంటాడు” అని రెండూ రాయండి.

సంవత్సరాలు కట్టడం

మన అమ్మల తరానికి పుట్టిన తేదీలు నమ్మదగినవి కావు. బడిలో చేర్పించిన రోజు మాస్టారు వేసిన తేదీయే సర్టిఫికెట్‌లోకి, అక్కడినుంచి ఆధార్‌లోకి వెళ్లింది. ఇంట్లోవాళ్లకి గుర్తుండేది తెలుగు సంవత్సరం, తిథి. “పార్థివ నామ సంవత్సరం, అట్లతద్ది వెళ్లిన మర్నాడు” అని చెప్పారనుకోండి, పార్థివ 1945 ఉగాది నుంచి 1946 ఉగాది దాకా నడిచింది. మళ్లీ వచ్చింది 2005లోనే కాబట్టి తికమక ఉండదు. అట్లతద్ది ఆశ్వయుజ బహుళ తదియ. పాత పంచాంగంలో ఆ తిథి ఏ తేదీన వచ్చిందో చూసి, మర్నాడన్నారు కాబట్టి ఒకరోజు కలిపితే అసలు తేదీ దొరికిపోతుంది.

మిగతా సంఘటనలకి ఊరంతా గుర్తుపెట్టుకున్న రోజులే గుంజలు. “నాన్నగారికి బదిలీ ఎప్పుడైంది?” అంటే చెప్పలేరు. “పుష్కరాలకి ఏ ఇంట్లో ఉన్నారు?” అంటే వెంటనే చెబుతారు. గోదావరి పుష్కరాలు 1967, 1979, 1991, 2003, 2015లో వచ్చాయి, కృష్ణ పుష్కరాలు ఒక్కో ఏడాది తర్వాత. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన, 1979 జూలైలో స్కైలాబ్ నెత్తిన పడుతుందన్న భయం, 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం, 1986 ఆగస్టు గోదావరి వరద, 1996 నవంబర్ కోనసీమ తుపాను, ఇలా మీ ప్రాంతానికి తగ్గవి ఎంచుకోండి. నాకు బాగా పనికొచ్చిన ప్రశ్న 1980 ఫిబ్రవరి 16 సూర్యగ్రహణం గురించి. “గ్రహణం రోజు ఇంట్లో ఎవరు కడుపుతో ఉన్నారు?” అని అడగండి. ఎవరిని ఏ గదిలో పడుకోబెట్టి తలుపులేశారో, ఎవరు తొంగిచూసి తిట్లు తిన్నారో అన్నీ వస్తాయి, వాటితోపాటు ఆ ఏడాది పుట్టిన పిల్లల లెక్క కూడా.

ఒక పెద్ద చార్టు మీద నిలువుగా సంవత్సరాలు వేసి, పక్కన ఇల్లు, పిల్లలు, ఇంట్లో ఉన్న పెద్దవాళ్లు, ఆవిడ చేసిన పనులు అని గళ్లు గీయండి. పుట్టింటి ఇంటిపేరు తప్పకుండా రాయండి. పెళ్లిలో పేరు కూడా మార్చి ఉంటే పాత పేరూ రాయాలి. కొన్ని ఇళ్లల్లో మనవలకి ఆ పేరు తెలిసేది ఈ పుస్తకం వల్లే.

చేతి పని: ఇక్కడ నెమ్మదిగా

పుస్తకంలో సగం పేజీలు దీనికే ఇవ్వమంటాను. పేరున్న కళాకారులకి కేటలాగులు ఉంటాయి. ఇంట్లో కూర్చుని చేసిన మనిషి పనికి మనం తప్ప ఎవరూ జాబితా రాయరు.

ముగ్గులతో మొదలుపెట్టండి. ఆవిడ ముగ్గుల పుస్తకం దొరికితే అందులో “15 చుక్కలు, 8 దాకా, సందు చుక్క” లాంటి గుర్తులుంటాయి. ఆ లెక్క తెలియని పిల్లల కోసం పక్కనే విడమరిచి రాయండి: మధ్య వరసలో 15 చుక్కలు, దానికి పైనా కిందా 14, ఆపైన 13, అలా రెండువైపులా 8 దాకా, ప్రతి చుక్కా ముందు వరసలోని రెండు చుక్కల సందులో పడాలి. మొత్తం 169 చుక్కలు వస్తే సరిగ్గా పెట్టినట్టు. ఒక పేజీలో ఉత్త చుక్కలు, ఎదుటి పేజీలో పూర్తయిన ముగ్గు వేయించండి, ఇంకోచోట పిల్లలు వేసుకోవడానికి ఉత్త చుక్కల పేజీ వదలండి. మెలికల ముగ్గయితే గీత ఎక్కడ మొదలై ఎటు తిరిగిందో బాణం గుర్తులతో చూపాలి, లేకపోతే మధ్యలో చిక్కుపడతారు. ధనుర్మాసంలో రోజూ కొత్త ముగ్గు వేసేదా, వేసిందే వేసేదా? పొరుగువాళ్లతో పోటీ ఉండేదా? కనుమనాటి రథం ముగ్గు తాడు ఎవరి గుమ్మం దాకా లాగేది? బియ్యప్పిండా, ముగ్గుపిండా? ఇవన్నీ రాయాల్సినవే. ముగ్గుల పుస్తకమే లేకపోతే పండగ ఫొటోల్లో గుమ్మం దగ్గర, పిల్లల కాళ్ల వెనక వెతకండి.

కుట్లు, అల్లికల విషయంలో ముందు వస్తువులు ఎవరెవరి ఇళ్లల్లో ఉన్నాయో తెలుసుకోవాలి. టీవీ మీద కప్పిన లేసు, దిండు గలీబు మీద పువ్వు, వైరు బుట్ట, ఊలు స్వెటరు, గుమ్మానికి పూసల తోరణం. ముదురు రంగు గుడ్డ మీద పెట్టి, కిటికీ వెలుగులో, పక్కన స్కేలు ఉంచి ఫొటో తీయండి. తిరగేసి వెనకవైపు కూడా తీయండి. కుట్టు తెలిసినవాళ్లు పనితనాన్ని ముడులు చూసే చెబుతారు.

నర్సాపురం, పాలకొల్లు వైపు వాళ్లయితే ఇంకో ప్రశ్న తప్పదు. అక్కడ లేసు అల్లడం పొద్దుపోక చేసే పని కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఆ క్రోషే అల్లిక చుట్టుపక్కల ఊళ్లల్లో వేల మంది ఆడవాళ్లకి ఇంటి పట్టున దొరికే సంపాదన. దారం ఇచ్చేవాళ్లు ఇచ్చేవారు, అల్లింది తీసుకెళ్లి ఎగుమతి చేసేవారు. కాబట్టి “అమ్మకి లేసు హాబీ” అని రాసేముందు ఎంత వచ్చేది, ఎవరి చేతికి వచ్చేది, ఆ డబ్బుతో ఎవరి ఫీజు కట్టింది అని అడగండి. కుట్టుమిషను ఉన్న ఇళ్లల్లోనూ ఇదే ప్రశ్న.

బొంత దొరికితే అదృష్టం. పాత నూలు చీరలు పొరలుగా పరిచి కుట్టిన బొంత ఇంటి చరిత్రే. దాన్ని నేలమీద పరిచి పైనుంచి ఫొటో తీసి, ఆ ఫొటో పెద్దగా ప్రింటు తీసి, కనిపించే ఒక్కో గుడ్డకీ నంబరు వేయండి. అక్కచెల్లెళ్లంతా చుట్టూ కూర్చుని ఏది ఎవరి చీరో, ఏది ఎవరి పరికిణీయో చెప్పాలి. ఈ ఒక్క కూర్చోవడంలో దొరికినన్ని కబుర్లు నాకు ఏ ఇంటర్వ్యూలోనూ దొరకలేదు. బొంతని, పట్టుచీరల్ని ప్లాస్టిక్ కవర్లలో దాచకండి, ఉతికిన పాత పంచెలో చుట్టండి. జరీ చీరకి నెలకో రెణ్ణెల్లకో మడత మార్చకపోతే మడత దగ్గరే చిరుగుతుంది. కలరా ఉండలు జరీకి తగలనివ్వొద్దు.

వంట రాయడంలో ఉన్న చిక్కు

“ఉప్పు ఎంత?” “సరిపడా.” ఇక్కడే అందరూ ఓడిపోతారు. దీనికి మార్గం ఉంది. అమ్మ దగ్గర వంట నేర్చుకున్న మనిషిని, చెల్లెలో కోడలో, అలవాటు ప్రకారం వండమనండి. మీరు ఉప్పు డబ్బాని ముందొకసారి, తర్వాత ఒకసారి వంటింటి కాటా మీద తూచండి. తేడా ఎంతో అదే ‘సరిపడా’. కారం, నూనె, చింతపండు అన్నిటికీ ఇలాగే. వండే మనిషిని ఆపి అడగొద్దు, అడిగితే చెయ్యి తడబడుతుంది.

గిద్ద, సోల, తవ్వ, మానిక లెక్కలు వస్తే పట్టికలు చూసి గ్రాముల్లోకి మార్చకండి. ఆవిడ వాడిన గిద్దె, ఆవిడ వాడిన గ్లాసు ఇంట్లో ఉంటే దాంతోనే పప్పు కొలిచి తూచి రాయండి. “గ్లాసు” అంటే అంచు దగ్గర సొట్ట ఉన్న ఆ పాత స్టీలు గ్లాసే తప్ప దుకాణంలో దొరికే గ్లాసు కాదు.

ఆవకాయకి ఒక్కదానికే నాలుగు పేజీలు పడుతుంది. కాయ ఏది, చిన్నరసమా, కొత్తపల్లి కొబ్బరా? ఏ సంతలో, ఎవరు బేరమాడి తెచ్చేవారు? ముక్కకి టెంక ఉండాలని పట్టుబట్టేదా? ఆవపిండి ఎండబెట్టి ఇంట్లోనే కొట్టేదా? మూడో రోజు తిరగ కలిపేటప్పుడు ఉప్పు ఎవరు చూసేవారు? మడి సంగతేంటి, జాడీ ముట్టుకోవడానికి ఎవరికి హక్కు? మొదటి ముద్ద ఎవరికి? కొలతలు ఎలాగూ రాస్తారు, ఈ ప్రశ్నల జవాబులు కూడా దాని పక్కనే ఉండాలి. తెలంగాణలో అయితే సకినాలు, సర్వపిండి, బతుకమ్మ నాటి సద్దులు ఇదే పద్ధతిలో.

పాటలు

మంగళహారతులు, లాలిపాటలు, గొబ్బి పాటలు, బతుకమ్మ పాటలు, అప్పగింతల పాటలు నోటుబుక్కులో సగం సగం మాత్రమే రాసి ఉంటాయి. మొదటి రెండు పాదాలు రాసుకుంటే మిగతాది వాళ్లకి నోటికి వచ్చేది. ఆ మిగతాది ఇప్పుడు ఆవిడ తోటివాళ్ల నోట్లో ఉంది. ఇద్దరు ముగ్గురిని కలిపి కూర్చోబెడితే ఒకరు మర్చిపోయింది ఇంకొకరు అందుకుంటారు. సాహిత్యం అచ్చు పుస్తకంతో పోల్చి దిద్దకండి, ఇంట్లో పాడిన పాఠమే రాయండి. ఆవిడే సొంతంగా కట్టిన పాదాలుంటే, మనవడి పేరు ఇరికించి పాడిన లాలి లాంటివి, అవి ముందు పేజీలోకి.

ఎవరెవరిని చూసుకుంది

ఒక కాగితం మీద ఆవిడ చేతుల మీదుగా నడిచిన మనుషుల పేర్లన్నీ రాయండి. పిల్లలు, పక్షవాతం వచ్చిన మామగారు, చదువుకోవడానికి వచ్చి ఇంట్లో ఉన్న మేనల్లుడు, పురుళ్లకి వచ్చిన కూతుళ్లు, ఉద్యోగాలకి వెళ్లిన కోడళ్ల పిల్లలు. ప్రతి పేరు పక్కనా ఏం చేసేదో రాయండి: ఏ వేళకి లేచేది, ఎవరికి అన్నం మెత్తగా వండేది, బాలింతకి ఏ పొడితో మొదటి ముద్ద పెట్టేది, పసిబిడ్డకి నలుగు పెట్టి సాంబ్రాణి పొగ ఎలా వేసేది. ఇవి అప్పటి పద్ధతులని తెలిసేలా రాయండి. పసిపిల్లల చెవుల్లో, ముక్కులో నూనె చుక్కలు వేయడం లాంటివి డాక్టర్లు వద్దంటారు, రేపు మనవరాలు పుస్తకం చూసి చేసేయకూడదు.

ఈ జాబితా పక్కనే ఇంకో గడి ఉండాలి. ఇంతమందిని చూసుకున్న ఆ ఏళ్లల్లో ఆవిడ ఏం మానుకుంది? ఆగిపోయిన చదువు, అమ్మేసిన వీణ, వెళ్లని యాత్ర, చూపించుకోని మోకాళ్ల నొప్పి. దీన్ని త్యాగం అని పేరుపెట్టి దండ వేసేయకండి. ఎవరు ఆపారో, ఆవిడ ఏమందో తెలిస్తే అంతవరకే రాయండి. కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. బతికున్న వాళ్లకి సంబంధించిన సంగతులు వాళ్లకి చూపించి, సరే అన్నాకే అచ్చుకి ఇవ్వండి. ఆస్తి పంపకాల మాట మాత్రం ఈ పుస్తకంలో ఎక్కడా రానివ్వొద్దు, వస్తే పుస్తకం అక్కడితో ఆగిపోతుంది.

ఫొటోలు, క్యాసెట్లు

పాత ఫొటోలు స్కానర్ మీద 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) తీయండి, పాస్‌పోర్టు సైజు చిన్నవైతే 1200. జిగురు పేజీల ఆల్బమ్‌లో అంటుకుపోయినవాటిని పీకొద్దు, చిరుగుతాయి. పేజీతో సహా ఫ్లాష్ లేకుండా కిటికీ పక్కన ఫోన్‌తో తీస్తే చాలు. ఎవరైనా ఫొటో వాట్సాప్‌లో పంపితే ‘డాక్యుమెంట్’గా పంపమనండి, మామూలుగా పంపితే నాణ్యత తగ్గిపోయి అచ్చులో మసకగా వస్తుంది.

గ్రూప్ ఫొటోకి జిరాక్సు తీసి తలల మీద నంబర్లు వేసి పెద్దవాళ్లకి చూపించండి. కుర్చీల్లో కూర్చున్న మగవాళ్ల పేర్లు అందరికీ తెలుసు. వెనక నిలబడ్డ ఆడవాళ్లు ‘ఫలానా వారి భార్య’ అయిపోతారు. పేర్లు అడగడం వెనక వరస నుంచే మొదలుపెట్టండి.

ఆడియో క్యాసెట్టు మీద తెల్లగా బూజు కనిపిస్తే ప్లేయర్‌లో పెట్టకండి, అలాంటివి శుభ్రం చేసి మార్చిచ్చే వాళ్లకి ఇవ్వండి. బాగున్నదైతే టేప్‌రికార్డర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ల్యాప్‌టాప్‌కి వైరు కలిపి, ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేసుకోవచ్చు. పెళ్లి క్యాసెట్టులో మంత్రాల వెనక అమ్మ ఎవరినో గదమాయించడం వినిపించొచ్చు, అందుకే మధ్యలో జరపకుండా పూర్తిగా వినండి.

అన్నీ మూడుచోట్ల ఉండాలి: మీ కంప్యూటర్‌లో, విడి హార్డ్‌డిస్క్‌లో, వేరే ఊళ్లో ఉన్న తోబుట్టువు దగ్గరో ఆన్‌లైన్‌లోనో.

రాయడం

‘జననం, విద్య, వివాహం, సంతానం’ వరసలో రాయకండి, అది దరఖాస్తు అవుతుంది. ఆ వివరాలన్నీ వెనక ఒక పేజీలో పట్టికగా వేసేయండి. పుస్తకంలో ఒక్కో అధ్యాయం ఒక్కో వస్తువు మీదో పని మీదో: కుట్టుమిషను, జాడీ, బొమ్మల కొలువు, మధ్యాహ్నం నిద్ర. బొమ్మల కొలువైతే కొండపల్లి బొమ్మలు ఏవి, ఏటికొప్పాక లక్కబొమ్మలు ఏవి, ఆవిడ చింతపిక్కలతోనో పాత గుడ్డలతోనో చేసినవి ఏవి అని విడదీసి రాస్తే ఆవిడ వాటా తెలుస్తుంది.

అందరూ రాయాలి. తమ్ముడు రాయలేనంటాడు. అయితే ఫోన్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ పెట్టి మాట్లాడమనండి, మీరు తర్వాత తప్పులు దిద్దుకోవచ్చు. తప్పులంటే ఫోన్ చేసిన తప్పులే. ఆవిడ “ఏవిటర్రా ఆ గోల” అని ఉంటే అలాగే ఉండాలి, “గిట్లెట్ల బిడ్డా” అంటే అలాగే. అమ్మ మాటని పాఠ్యపుస్తకం భాషలోకి దిద్దితే గొంతు పోతుంది. ఆవిడ సామెతలు, తిట్లు, పిల్లలకి పెట్టిన ముద్దుపేర్లు ఒకచోట పోగు చేయండి. తిట్లు తీసేద్దామని పెద్దన్నయ్య అంటాడు, ఒప్పుకోకండి.

మనవలతో కూడా రాయించండి. తెలుగు రాయలేని పిల్లలు ఇంగ్లిష్‌లో రాసినా, బొమ్మ గీసినా సరే. అమ్మ మీకు అమ్మగా ఉన్నప్పటి కోపం వాళ్లకి తెలియదు, వాళ్లకి దొరికిన మనిషి వేరు. ఆ ఇద్దరూ పుస్తకంలో పక్కపక్కనే ఉండనివ్వండి.

అచ్చు వేయించడం

1/8 డెమీ సైజు, అంటే మామూలు నవలంత, చేతిలో పట్టుకుని చదవడానికి బాగుంటుంది. ముగ్గులు, ఫొటోలు ఎక్కువైతే దానికన్నా పెద్దదైన 1/4 క్రౌన్ తీసుకోండి. పేజీల సంఖ్య 16 గుణిజాల్లో ఉంటే కాగితం వృథా కాదు: 96, 112, 128. ముప్పై నలభై కాపీలకి ఆఫ్‌సెట్ గిట్టదు, డిజిటల్ ప్రింటింగ్ అడగండి.

ముఖ్యమైన జాగ్రత్త ఫాంటు గురించి. మీరు ఫోన్‌లో టైపు చేసేది యూనికోడ్, అంటే ఫోన్లకీ కంప్యూటర్లకీ ఉమ్మడిగా ఉన్న అక్షరాల పద్ధతి. చాలా డీటీపీ సెంటర్లు (కంప్యూటర్‌లో పేజీలు కట్టిచ్చే చోట్లు) ఇప్పటికీ ‘అను’ అనే పాత ఫాంట్లలో పనిచేస్తాయి, వాటి పద్ధతి వేరు. మార్చేటప్పుడు వత్తులు చెదిరిపోతాయి, ర వత్తు, క్ష, పొల్లు అక్షరాలు దెబ్బతింటాయి. యూనికోడ్‌లోనే పేజీలు కట్టగలరా అని ముందే అడగండి. కుదరకపోతే మార్చిన తర్వాత ప్రూఫు మొదటినుంచి చదవాల్సిందే, ముఖ్యంగా మనుషుల పేర్లు. ప్రూఫు ఇద్దరు చదవాలి, అందులో ఒకరు కథలు తెలిసిన పెద్దవాళ్లయితే మేలు.

ఆవిడ గొంతు, పాటల రికార్డింగులు ఆన్‌లైన్‌లో పెట్టి, ఆయా పేజీల్లో క్యూఆర్ కోడ్ వేయించండి. తెలుగు చదవలేని మనవలకీ, కళ్లు సరిగా కనిపించని పెద్దమ్మకీ అదే పుస్తకం. కానీ ఆ లింకు ఎవరి ఖాతాలో ఉందో అందరికీ తెలియాలి, ఆ ఖాతా మూతపడితే కోడ్ పనిచేయదు.

కాపీల లెక్క వేసేటప్పుడు ఇంట్లో పనిచేసిన ఆవిణ్ణి, టైలర్నీ, పక్కింటివాళ్లనీ మర్చిపోకండి. చివర్లో నాలుగు ఖాళీ పేజీలు వదలండి. సంవత్సరీకం నాడు పుస్తకం పంచిన గంటలోపే ఎవరో ఒకరు “ఆ సంగతి రాయలేదేం?” అంటారు. పెన్ను చేతికిచ్చి ఆ పేజీలోనే రాయించండి, ఫొటో తీసుకోండి, రెండో అచ్చులో చేర్చొచ్చు. పీడీఎఫ్‌తోపాటు పేజీలు కట్టిన అసలు ఫైలు కూడా డీటీపీ సెంటర్ నుంచి అడిగి తీసుకోండి. కొన్నాళ్లయ్యాక వెళ్తే వాళ్ల దగ్గర ఉంటుందన్న నమ్మకం లేదు.